మింగు, ఇప్పుడు కొరుకు

ఆ రోజు పళ్ళాసుపత్రి నడిచే ఆ ఇంట్లో ఆరుగురు ఉన్నారు. ముందు గదిలో బల్ల వెనక కౌంటరమ్మాయి. పక్క గదిలో చిన్న డాక్టరు. మేడ మెట్ల కింద పడక కుర్చీలో, ముఖం మీద పేపరు కప్పుకుని, ఆయన తండ్రి పెద్ద డాక్టరు. బెంచీ మీద బట్టలు కుట్టే ఒకావిడ, ఆవిడను ఆనుకుని తొమ్మిదేళ్ళ కూతురు. వెనక వసారాలో సుత్తి పట్టుకుని సుద్దక్క. కొత్త యంత్రాన్ని కూడా కలుపుకుంటే ఏడుగురు. కౌంటరమ్మాయి కలుపుకునేది. పొద్దున్నే దాని మీది గుడ్డ తీసి, "లేచావా తల్లీ" అని పలకరిస్తే గాని స్విచ్చి వేసేది కాదు.

సుద్దక్కకు ఆ పేరు పిల్లలు పెట్టారు. వంకర పళ్ళు సరిచేయించుకోవడానికి వచ్చిన పిల్లల నోట్లో మెత్తటి ముద్ద పెట్టి అచ్చు తీయడం, ఆ అచ్చులో తెల్లపొడి కలిపి పోయడం, అది వేడెక్కి, చల్లారి, గట్టిపడ్డాక పళ్ళ వరుసను విరగకుండా బయటికి తీసి అంచులు అరగదీయడం ఆమె పని. మోచేతుల దాకా ఎప్పుడూ తెల్లగానే ఉండేది. ఇంటికి వెళ్ళేటప్పుడు ఎంత కడుక్కున్నా గోళ్ళ సందుల్లో మిగిలేది.

రెండు నెలలుగా ఆ పని లేదు. యంత్రానికి ఒక కడ్డీ ఉంది, దాని కొనలో దీపం. నోట్లో పెట్టి అటూ ఇటూ తిప్పితే పళ్ళన్నీ తెర మీదికి వచ్చేస్తాయి. ఆ బొమ్మనూ ఎక్స్‌రేనూ ఏఐ చూస్తుంది. పై వరుస, కింది వరుస ఎలా కలుస్తున్నాయి, లోపం పళ్ళదా దవడదా, దానికేం చేయాలి, అన్నీ రంగులు వేసి మరీ చెబుతుంది.

ఇప్పుడు సుద్దక్క పని పగలగొట్టడం. వసారా గోడ పొడవునా చెక్క అరల్లో ఉన్నవన్నీ ఆమె పోసిన అచ్చులే. ఒక్కోదాని అడుగున పెన్సిలుతో ఆమె వేసిన అంకె ఉంటుంది. ఒకటి అంటే పళ్ళు బాగానే కలుస్తున్నాయని. రెండు అంటే కింది దవడ వెనకబడిందని. మూడు అంటే ముందుకొచ్చిందని. మొదట్లో పెద్ద డాక్టరు చెబితే రాసేది. తర్వాత తర్వాత ఆయన నోరు తెరిచేలోపే రాసేసేది. ఆ అచ్చులన్నిటినీ కౌంటరమ్మాయి నెల రోజులు కూర్చుని యంత్రానికి చూపించింది. మన ఊరి నోళ్ళు ఎలా ఉంటాయో దానికి నేర్పించామని చిన్న డాక్టరు వచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు. నేర్పించాక ఇక వీటితో పనేముంది, అరలు తీసేస్తే అక్కడ ఇంకో కుర్చీ పడుతుంది అన్నాడు. అరలు ఖాళీ అయ్యాక తన సంగతేమిటని సుద్దక్క అడగలేదు. ఆమె అడగలేదని గ్రహించి ఆయనే, "అప్పుడు చూద్దాంలే అక్కా" అన్నాడు.

రెండు అరలు ఖాళీ అయ్యాయి. మూడో అరలో చెయ్యి పెట్టేసరికి డాక్టరు గది నుంచి కౌంటరమ్మాయి పిలిచింది. పిల్ల నోరు తెరవడం లేదట.

సుద్దక్క చేతులు కడుక్కుని గ్లాసుతో నీళ్ళు తీసుకుని వెళ్ళింది. పిల్ల కుర్చీలో ముడుచుకుని, రెండు చేతులూ గడ్డానికి అడ్డం పెట్టుకుని ఉంది. ముందుకొచ్చిన గడ్డం చూసి బళ్ళో పిల్లను గరిటె అంటారని తల్లి చెప్పింది. చెప్పేటప్పుడు పిల్ల వైపు చూడలేదు. సుద్దక్క కుర్చీ పక్కన కింద కూర్చుంది. నిలబడితే పిల్లలు భయపడతారు.

"అది కరుస్తుందా?" అని అడిగింది పిల్ల, దీపపు కడ్డీని చూపించి.

"దానికి పళ్ళేవి కరవడానికి? పళ్ళున్నది నీకు. అదే నిన్ను చూసి భయపడుతోంది."

పిల్ల చేతులు దించి నీళ్ళు తాగింది. అప్పుడు చూసింది సుద్దక్క. గుటక వేసినప్పుడు పిల్ల గడ్డం వెనక్కి వెళ్ళింది. ఒక్క క్షణం పై పళ్ళ అంచు, కింది పళ్ళ అంచు ఒకదాని మీద ఒకటి ఆనాయి. ఆ తర్వాత నోరు మూయబోతే, లోపలికి వంగిన ఒక పై పన్ను అడ్డం తగిలి, దాన్ని తప్పించుకోవడానికన్నట్టు కింది దవడ ముందుకు జారి కూర్చుంది.

"ఇప్పుడు గట్టిగా కొరుకు," అంది కౌంటరమ్మాయి. పిల్ల కొరికింది. జారిన చోటే కొరికింది. కౌంటరమ్మాయి కడ్డీ తిప్పింది.

సుద్దక్క ఏదో అనబోయింది. అప్పటికే అందరూ తెర వైపు తిరిగారు. ఆమె నోట్లో నాలుక లేని మనిషి. గ్లాసు పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడింది.

తెర మీద కింది దవడ ఎర్రగా వచ్చింది. చిన్న డాక్టరు ఓపిగ్గానే చెప్పాడు. కింది దవడ ఎముకే ఎక్కువ పెరిగింది. ఎదుగుదల ఆగేదాకా ఏం చేసినా మళ్ళీ మొదటికొస్తుంది. పద్దెనిమిదేళ్ళు వచ్చాక ఎముక కోసి వెనక్కి జరపాలి. యంత్రం నూటికి తొంభై ఆరు పాళ్ళు ఖాయమని చెబుతోంది.

"అప్పటిదాకా?" అంది తల్లి. ఆవిడ జాకెట్టుకు రెండు గుండుసూదులు గుచ్చి ఉన్నాయి. వాటిని తీసి మళ్ళీ అక్కడే గుచ్చుకుంది.

అప్పటిదాకా చేసేదేమీ లేదు.

పిల్ల తల్లిని అడగలేదు, డాక్టర్ని అడగలేదు. గోడ వైపు తిరిగి సుద్దక్కను అడిగింది, కోసేటప్పుడు నేను మేలుకునే ఉంటానా అని. సుద్దక్క గ్లాసులో మిగిలిన నీళ్ళు పిల్లకు అందించింది.

మధ్యాహ్నం మూడో అర పగలగొడుతుంటే అంకె పక్కన చిన్న సున్నా చుట్టిన అచ్చు ఒకటి చేతికొచ్చింది. తర్వాత ఇంకోటి. అలాంటివి మొత్తం పన్నెండో పదమూడో ఉంటాయి. జారే దవడలకు ఆమె తన గుర్తు కోసం పెట్టుకున్న సున్నా అది. ఆ పిల్లలకు మామూలుగా కొరకమంటే అచ్చు తప్పు వస్తుందని ఆమెకు తెలుసు. అందుకని నాలుక కొన వెనక్కి మడిచి అంగిలికి ఆనించమని, గుటక వేయమని, ఆ గుటకతోటే మెల్లగా కొరకమని చెప్పి, గడ్డం కింద బొటనవేలు ఆనించి పట్టుకునేది. అప్పుడు పళ్ళు ఎక్కడ మొదట తగులుతాయో అక్కడ మైనం ముక్క పెట్టి గుర్తు తీసేది. అందుకే ఆమె అచ్చుల్లో జారిన దవడ ఒక్కటీ లేదు. యంత్రం అలాంటిది ఎన్నడూ చూడలేదు. ముందుకొచ్చిన దవడ కనిపిస్తే దానికి తెలిసింది మూడో అంకె ఒక్కటే.

అంకెలన్నీ ఎక్కించేటప్పుడు కౌంటరమ్మాయి ఈ సున్నాలు ఏమిటని చిన్న డాక్టర్ని అడిగింది. అచ్చు ఆరబెట్టినప్పుడు పడ్డ మరకలయి ఉంటాయి, వదిలెయ్ అన్నాడాయన. సుద్దక్క అప్పుడు ఆ పక్కనే బకెట్టు కడుగుతోంది.

ఇంట్లో సుద్దక్క, అత్తగారు ఇద్దరే. భర్త లారీ మీద వెళితే వారం దాకా రాడు. ఆ సాయంత్రం వాకిట్లో ఆరిన బట్టలు మడత పెడుతూ అత్తగారితో చెప్పింది. చెప్పడానికి ఇంకెవరున్నారు. అత్తగారు సగం విన్నాక మడతలు ఆపి, అయితే యంత్రానికి తెలియనిది నీకు తెలుసన్నమాట అంది.

"తెలుసని కాదు అత్తయ్యా. చూశాను."

"అదే. చూసింది నువ్వు. మరి పిల్లలు ఏడిస్తే నిన్నే ఎందుకు పిలుస్తున్నారు? నువ్వు పక్కనుంటే కొరకడం సరిగ్గా వస్తోందని ఆ చిన్నాయనే అన్నాడన్నావుగా మొన్న. ఎందుకొస్తోందో ఆయనకు తెలీదు. తెలియకుండానే ఉండనీ. అరలు ఖాళీ అయ్యాక నీ చేతిలో ఉండేది అదొక్కటే."

సుద్దక్క పిల్ల సంగతి ఎత్తింది. తొమ్మిదేళ్ళు ఆగితే అలవాటుగా జారే దవడ అక్కడే ముదిరిపోతుంది. అప్పుడు నిజంగానే కోయాల్సి వస్తుంది. ఇప్పుడైతే చిన్న తీగ ఉన్న ప్లేటు పెడితే, వంగిన పన్ను బయటికొచ్చి, నాలుగైదు నెలల్లో ఆ జారడం పోతుంది.

అత్తగారు నోట్లోంచి పళ్ళసెట్టు తీసి గ్లాసులో పడేసింది. ఆ సెట్టుకు అచ్చు పోసింది కూడా సుద్దక్కే. అది గ్లాసులో పడిందంటే ఆవిడతో ఇక మాటల్లేవని అర్థం.

మర్నాడంతా సుద్దక్క పగలగొడుతూనే ఉంది. సున్నా ఉన్నవి మాత్రం పగలగొట్టలేక బకెట్టు వెనక పెట్టింది. రెండుసార్లు పెద్ద డాక్టరు కుర్చీ దాకా వెళ్ళి, టీ గ్లాసు తీసుకుని వచ్చేసింది. చిన్న డాక్టరు అటుగా వెళుతూ అరల వైపు చూసి, ఇంకెన్నాళ్ళు పడుతుందక్కా అన్నాడు. శనివారానికి అయిపోతుందంది. "మీరు లేకపోతే పిల్లల్ని ఆడించేదెవరో," అని నవ్వుతూ వెళ్ళాడు. ఆ మాట ఆమె రోజంతా మనసులో తిప్పుకుంది. ఉంచుకుంటాడనే అనిపించింది.

బుధవారం సాయంత్రం పని నుంచి వస్తూ, జిప్పు తెగిన సంచి పట్టుకుని ఆ పిల్ల తల్లి కుట్టుకొట్టు దగ్గర ఆగింది. జిప్పు తెగి ఆర్నెల్లయింది. కొట్టు అంటే వీధిలోకి తెరుచుకునే ఒక గది, అందులో ఒక మిషను, ఒక బల్ల. బల్ల కింద గుడ్డముక్కల గుట్ట మీద పిల్ల నిద్రపోతోంది. నోరు కొద్దిగా తెరుచుకుంది. నిద్రలో గడ్డం ఉండాల్సిన చోటే ఉంది. అందమైన ముఖం.

తల్లి సంచి తిప్పి చూసి, మిషను తొక్కుతూనే మాట్లాడింది. రెండు రోజులుగా పిల్ల నమలడం మానేసిందట. నమిలితే ఎముక ఇంకా పెరుగుతుందని ఎవరు చెప్పారో. అన్నీ నానబెట్టి మింగుతోంది. నిన్న బళ్ళో ఫొటో తీశారు. వెళ్ళనని మొరాయించింది.

మిషను పక్కన కాగితాలు పడి ఉన్నాయి. గుడ్డ మీద గీతలు గీసే దర్జీ సుద్దతో పిల్ల బొమ్మ వేసుకుంది. రెండు జడలు, కళ్ళు, ముక్కు. నోటి కిందిదంతా వేలితో తుడిచేసింది. ఆ కాగితం కిందే ఇంకోటి, దాని మీదా అదే బొమ్మ, అదే తుడుపు. సుద్దక్క ఆ కాగితాన్ని వేలితో తడిమింది. గోటికి తెలుపు అంటుకుంది.

సంచి తీసుకుని నాలుగడుగులు వేసి, మళ్ళీ వెనక్కి వచ్చి, రేపు పిల్లను తీసుకుని ఒకసారి రండి అంది. ఎందుకని తల్లి అడిగింది. పెద్ద డాక్టరుగారు చూస్తారంది. ఆయన ఎవరినీ చూడడం మానేసి ఏడాదయింది. ఆ మాట అన్నాక సుద్దక్కే నాలుక కరుచుకుంది.

గురువారం ఆమె పడక కుర్చీ దగ్గర కింద కూర్చుని, బకెట్టు వెనక దాచిన అచ్చులు ఒక్కొక్కటే ఆయన ఒళ్ళో పెట్టింది. ఆయన చేతులు వణుకుతాయి. అయినా అచ్చు పట్టుకుంటే వణుకు కాస్త ఆగుతుంది. పై వరుస కింది వరుస కలిపి చూశాడు, తిప్పి సున్నా చూశాడు. ఆమె చెప్పింది. ఒక్క పిల్ల సంగతే చెప్పాలనుకుంది. మొదలుపెట్టాక నాలుక మడత, గుటక, బొటనవేలు, మైనం అన్నీ వచ్చేశాయి. ఆయన చేతిలోని అచ్చును ఒళ్ళో బోర్లించాడు.

"ఇది నేను నీకు నేర్పలేదమ్మాయ్. ఎవరు నేర్పారు?"

"పిల్లలే సార్."

ఆయన కొడుకును పిలిచాడు. చిన్న డాక్టరు విని, ముఖం మాడ్చుకోలేదు గాని, ఎక్స్‌రేలో కూడా ముందుకే ఉంది కదా నాన్నా అన్నాడు. ఎక్స్‌రే కూడా జారిన చోటే కొరికించి తీశారు కదా అన్నాడు తండ్రి. కొడుకు ఆ బొమ్మను తెర మీద మళ్ళీ తెరిచి చూశాడు. చెవులు కొంచెం ఎర్రబడ్డాయి.

పిల్ల వచ్చింది. సుద్దక్క కుర్చీ పక్కన కూర్చుని, నాలుక కొన వెనక్కి పెట్టు, అంగిలికి తాకించు, ఇప్పుడు మింగు, ఇప్పుడు కొరుకు అంది. గడ్డం కింద బొటనవేలు ఆనించింది. పై పళ్ళు, కింది పళ్ళు అంచుకు అంచు ఆనాయి. పెద్ద డాక్టరు వంగి చూశాడు. కొడుకు వంగి చూశాడు. పిల్లకు ఏమీ అర్థం కాక, అంతమంది తన నోట్లోకి చూస్తుంటే నవ్వొచ్చి, ఆ నవ్వులో దవడ మళ్ళీ జారింది.

చిన్న డాక్టరు మూర్ఖుడు కాడు. కళ్ళు మెరిశాయి. ఫోను తీసి, అక్కా మళ్ళీ ఒక్కసారి చేయించండి అన్నాడు. మూడుసార్లు చేయించి వీడియో తీశాడు. మీరనే మాటలు నిదానంగా చెప్పండి, ఈ అమ్మాయి రాసుకుంటుంది అన్నాడు. సుద్దక్క నిదానంగా చెప్పింది. బొటనవేలు ఎక్కడ ఆనించాలో కౌంటరమ్మాయి తన గడ్డం మీదే పెట్టి చూసుకుని, ఇక్కడేనా అక్కా అంది. అక్కడ కాదు, ఇంకొంచెం కింద, నొక్కకూడదు, ఊరికే ఆనించాలి అని సుద్దక్క ఆమె వేలు పట్టుకుని సరిచేసింది. ఆ సున్నాల అచ్చులు పదమూడూ మళ్ళీ యంత్రం ముందుకు వెళ్ళాయి. ఈసారి అవి మరకలు కావు.

మళ్ళీ కొరికించి మళ్ళీ దీపం తిప్పితే తెర మీద ఎరుపు పోయింది. ప్లేటు, అయిదు నెలలు అని వచ్చింది. తల్లి కుర్చీ చెయ్యి పట్టుకుని కూలబడినట్టు కూర్చుంది. తర్వాత లేచి చిన్న డాక్టరుకు దండం పెట్టింది. వెళ్ళేటప్పుడు తెర వైపు చూసి, "ఎంత తెలివైందో చూశావా అక్కా, మొదట పొరపాటు పడ్డా తనే దిద్దుకుంది," అంది సుద్దక్కతో. సుద్దక్క అవునంది.

పెద్ద డాక్టరు మాత్రం మెట్ల కింద నుంచి ఆమెనే చూస్తున్నాడు. ఆమె టీ గ్లాసు కోసం వచ్చినప్పుడు, కొన్నాళ్ళాగి చెప్పాల్సింది కదమ్మాయ్ అన్నాడు మెల్లగా. ఎవరికి మేలని అన్నాడో ఆయనకూ తెలుసు, ఆమెకూ తెలుసు. పేపరు మళ్ళీ ముఖం మీదికి లాక్కున్నాడు.

ఆ సంగతి విన్నాక అత్తగారు పళ్ళసెట్టు తీయలేదు. తిట్టనూ లేదు. తిడుతుందనే అనుకుంది సుద్దక్క.

శనివారానికి అరలు ఖాళీ అయ్యాయి. అన్నమాట ప్రకారమే అయ్యాయి. తెల్లటి ముక్కలు గోనెసంచుల్లో నింపి గేటు దగ్గర వరసగా పెట్టింది. అరల మీద అచ్చులున్న చోట్ల దుమ్ము పట్టని గుండ్రాలు మిగిలాయి. తడిగుడ్డతో వాటినీ తుడిచింది. రబ్బరు గిన్నె, కలిపే చెంచా, అరగదీసే కత్తి కడిగి ఎండలో బోర్లించింది.

చిన్న డాక్టరు వచ్చి, ఆ కత్తి మీ దగ్గరే ఉంచుకోండక్కా అన్నాడు. కాసేపు ఖాళీ అరల వైపు చూశాడు. సోమవారం వడ్రంగులు వస్తారన్నాడు. ఇక్కడంతా దుమ్ముగా ఉంటుంది, మీరు రావద్దన్నాడు. ఎన్నాళ్ళు రావద్దో చెప్పలేదు. ఆమె చెప్పిన మెళకువ యంత్రం కంపెనీవాళ్ళకు పంపానని, వాళ్ళు ఎంతో మెచ్చుకున్నారని, ఇక ప్రతి యంత్రమూ కొరికించేముందు దాన్ని తెర మీద చూపిస్తుందని చెప్పాడు.

"మీరెప్పుడైనా రావచ్చు. ఇది మీ ఇల్లే అనుకోండి."

అప్పుడు కుట్టుకొట్టు ఆవిడ పిల్లను తీసుకుని వచ్చింది. ప్లేటు చేయించడానికి ఆఖరుసారి దీపం తిప్పాలి. పిల్ల చెంగున గదిలోకి వెళ్ళి, ఎవరూ చెప్పకుండానే కుర్చీ ఎక్కింది. సుద్దక్క అలవాటు చొప్పున చేతులు కడుక్కుంది. గ్లాసుతో నీళ్ళు తీసుకుని వెళ్ళింది.

తలుపు సగం తెరిచి ఉంది. లోపల గోడకు అట్ట ఒకటి కొత్తగా అతికించారు. కౌంటరమ్మాయి దాన్ని చూడనక్కర లేకుండానే చెబుతోంది. కుర్చీ పక్కన కింద కూర్చుని చెబుతోంది.

"నాలుక కొన వెనక్కి పెట్టు. అంగిలికి తాకించు. మింగు. ఇప్పుడు కొరుకు."

సుద్దక్క గొంతులాగే ఉంది, ఆగాల్సిన చోట ఆగి. బొటనవేలు సరిగ్గా ఉండాల్సిన చోటే ఉంది. నొక్కలేదు. పిల్ల గడ్డం వెనక్కి వెళ్ళింది. అంచుకు అంచు ఆనింది. ఎక్కడా తప్పు లేదు. సుద్దక్క ఎక్కడైనా ఉందేమోనని చూసింది.

పిల్ల కళ్ళు పక్కకు తిప్పి గుమ్మంలో గ్లాసుతో నిలబడ్డ ఆమెను చూసింది. నోట్లో కడ్డీ ఉండగానే, నాకు వచ్చేసింది అన్నట్టు చెయ్యి ఊపింది. కౌంటరమ్మాయి కూడా చూసింది. నవ్వింది, మంచి పిల్ల. కడ్డీ తీసి పక్కన పెట్టి, లేచి గుమ్మం దాకా వచ్చింది.

"నీళ్ళొద్దులే అక్కా, ఏడవట్లేదు," అంది. "బయటి వెలుతురు పడితే బొమ్మ సరిగ్గా రాదు."

తలుపు మెల్లగా మూసింది. గడియ పెట్టలేదు. పెట్టాల్సిన అవసరం లేదు.